అడగని ప్రశ్నకు జవాబు

నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. ఎలా వచ్చిందో చెబితే మాత్రం నవ్వకూడదు, ముందే చెబుతున్నా!

పదిహేనేళ్ళుగా కాలేజీలో ఫిలాసఫీ చెబుతున్నదాన్ని. ఏటికేడు క్లాసులో పిల్లలు తగ్గిపోతుంటే ఒకటే దిగులు. ఇంతలో హైటెక్ సిటీ పక్కన కొత్తగా పెట్టిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో 'కంప్యూటర్ ఎథిక్స్' చెప్పే మనిషి కావాలన్నారు. ఇతరుల ఫైళ్ళు చూడొచ్చా, మెయిళ్ళు చదవొచ్చా... ఇదీ సబ్జెక్టు. ఎలాగైనా కొట్టాల్సిందే అనుకున్నా.

పొద్దున డైరెక్టర్ గారి ముందు ఇంటర్వ్యూ బాగానే జరిగింది. నాలుగింటికి ఆయనతోనే ఆఖరి రౌండ్. ఈలోపు మెయిల్ చూసుకుందామని మాదాపూర్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళితే, గుమ్మంలో ఎదురైంది ఎవరనుకున్నారు? డైరెక్టర్ గారే! "మా ఆఫీసు లైను పొద్దున్నుంచి డెడ్ అండి," అని నవ్వేసి వెళ్ళిపోయారు.

"గా సార్ లేచిన సిస్టం ఖాళీగున్నది మేడం, కూసోండ్రి," అన్నాడు సెంటర్ ఓనర్.

కూర్చున్నా. స్క్రీన్ మీద ఆయన మెయిల్ అలాగే తెరిచి ఉంది. మొదటి లైన్లోనే నా పేరు! మూసేయాలి, తెలుసు. కానీ నా గురించి నేను చదువుకుంటే తప్పేంటి? ఇదే లాజిక్‌ను పరీక్షలో స్టూడెంట్ ఎవరైనా రాసుంటే సున్నా వేసేదాన్ని. చదివేశా. 'మేడం సబ్జెక్టులో గట్టి మనిషే. పిల్లల్ని నిద్రపుచ్చుతారేమోనని ఒక్కటే అనుమానం' అని ఉంది.

ఇంకేముంది, నాలుగింటిదాకా ఆ నిద్ర గురించే ప్రిపేర్ అయ్యా. గదిలోకి వెళ్ళి కూర్చోగానే ఆయన ఏదో అడిగారు.

"నా క్లాసులో ఒక్కరు కూడా నిద్రపోరండీ!" అనేశా.

"టీ తాగుతారా అని అడిగానండి."

ఆయన నన్నే చూస్తున్నారు. "నిద్ర మాట నేను మా చైర్మన్ గారికొక్కరికే రాశానే!"

దొరికిపోయాక దాచేదేముంది, అంతా చెప్పేశా. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఉద్యోగం మీద ఆశ వదిలేసి లేచా.

"కూర్చోండి మేడం. లాగౌట్ చేయకుండా వచ్చింది నేను, చదివింది మీరు. ఈ కోర్సు మనిద్దరికీ అర్జెంటండి. సోమవారం వచ్చేయండి!"

వెళ్ళా. ఈలోపు ఆయన ఈ కథ స్టాఫ్ అందరికీ చెప్పేశారు. నేను గదిలో అడుగుపెడితే చాలు, టపటపా మానిటర్లు ఆపేస్తున్నారు. ఇంకా ఒక్క క్లాసూ చెప్పలేదు, అప్పుడే సగం సిలబస్ అయిపోయింది!