దొంగల్ని చూడ్డానికి టిక్కెట్టు

మా మావయ్యగారికి గూడబాతులంటే కిట్టదు. చేపల చెరువున్న వాళ్లెవరికీ కిట్టదనుకోండి, కానీ ఈయనది పాత కక్ష. కొల్లేటి పక్కనున్న తన చెరువుకి ఏళ్ల తరబడి తానే కాపలా ఉన్నారు. పిట్ట వాలితే చాలు, గట్టు మీద నిలబడి ‘హోయ్’ అని ఒక్క కేక వేసేవారు. నీటికాకులు, కొంగలు, గూడబాతులు కట్టగట్టుకుని లేచిపోయేవి. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఆ కేక విని చేతిలో ఉన్న కాఫీ కప్పు వదిలేశాను. పోయినేడు మోకాళ్ల నొప్పులతో చెరువు లీజుకిచ్చేశారు. అప్పట్నుంచి ఆ కేక లేదు. పేపరు చదువుతారు, అన్నం తింటారు, మళ్లీ అదే పేపరు చదువుతారు.

క్రిస్మస్ సెలవులకి మా అక్క పిల్లలిద్దర్నీ కారెక్కించుకుని హైదరాబాదు నుంచి వచ్చింది. వచ్చీ రాగానే, మీ వైపు చూడ్డానికి వింతేముందని అడిగింది. ఏలూరులో తివాచీలు నేసే చోటు చూపించాను. పిల్లలు ఓ మూల తివాచీ మీద చతికిలబడి ఫోన్ చూసుకున్నారు. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు కూడా చూపిద్దామనుకున్నాను గానీ అక్క మొహం చూసి ఊరుకున్నాను. ఇక మిగిలింది ఆటపాక పక్షుల కేంద్రం. చలికాలంలో గూడబాతులు అక్కడ గూళ్లు పెట్టుకుని పిల్లల్ని సాకుతుంటాయి. పడవలో వెళ్లి చూడొచ్చు. మా ఊళ్ల పరువంతా ఇక ఆ పిట్టల మీదే ఉంది.

తానూ వస్తానన్నారు మావయ్యగారు. గూళ్లలో పిల్లలుంటాయండీ, బెదిరిపోతాయి, అక్కడ మాత్రం కేక వెయ్యకండని బతిమాలాను. సరేనని మాటిచ్చారు. తీరా కౌంటరు దగ్గరకెళ్లాక ఆగిపోయారు.

“దొంగల్ని చూడ్డానికి మనమే టిక్కెట్టు కొనాలా అమ్మా?”

పడవలో ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఓ తల్లి గూడబాతు నోరు తెరిస్తే, పిల్ల దాని గొంతు సంచిలోకి తలంతా దూర్చేసింది. మా పిల్లలు నోళ్లు తెరిచారు. అది తింటున్నది శీలావతి చేప అనీ, కచ్చితంగా మనవైపు చెరువుదేననీ కండువా చాటునుంచి మావయ్యగారు చెప్పారు. పక్కనున్నది ఒట్టి తిండిపోతట. దాని వెనకది వాలేముందు చుట్టూ చూసుకునే పిరికిదట. పిల్లలు ఫోన్లు జేబుల్లో పెట్టేసి ఆయన్నే అంటిపెట్టుకున్నారు. మొత్తానికి ఆయన మాట తప్పలేదు. అక్క కూడా బాగుందంది. నేను గెలిచాననుకున్నాను.

తిరిగొస్తుంటే దారిలో ఆయన చెరువే వచ్చింది. గట్టు మీద మనిషన్నవాడు లేడు. నీళ్ల మీద నల్లగా నీటికాకులు, మధ్యలో నాలుగైదు గూడబాతులు తీరిగ్గా భోంచేస్తున్నాయి. మావయ్యగారు కారాపించారు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా గట్టెక్కి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడి కేక వేశారు.

గొంతు జీరపోయింది. కేక సగంలోనే ఆగిపోయింది. ఓ నీటికాకి తలతిప్పి చూసి మళ్లీ మునిగింది. దగ్గి, ఇంకోసారి వేశారు. ఏదీ కదల్లేదు. ఆయన మావైపు తిరగలేదు.

“నన్ను మర్చిపోయాయమ్మా,” అన్నారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ వెంటనే పిట్టల మీద ఒళ్లు మండింది. బళ్లో పాఠం చెబితే మూడు క్లాసులకి వినపడే గొంతు నాది, ఆయన ముందు మాత్రం ఏనాడూ పెంచి ఎరగను. చెప్పులు విడిచి గట్టెక్కి, బలమంతా పెట్టి అరిచాను. పిల్లలు అందుకున్నారు. చీర చెరగు దోపుకుని అక్క కూడా వచ్చింది. చెరువు చెరువంతా లేచింది. ఆ రెక్కల గాలి మా మొహాలకి కొట్టింది.

“వదలకండమ్మా, ఆ మూల ఇంకోటుంది,” అంటూ మావయ్యగారు నవ్వుతూ చెయ్యి చూపించారు.

అక్క ఊరెళ్లాక ఫోన్ చేసింది. పిల్లలు బాల్కనీలో పావురాల మీద కేకలేస్తున్నారట, కింది వాటావాళ్లు గొడవకొచ్చారట. ఎంత అరిచినా పావురాలు కదలడం లేదని పిల్లలకి బెంగట. మావయ్యగారు ఫోన్ తీసుకుని, కేక గొంతులోంచి కాదు, కడుపులోంచి రావాలని వివరించారు. పిల్లలకి అర్థం కాలేదు కాబోలు, ఒకసారి వేసి చూపించారు.

వంటింట్లో నా చేతిలోని గరిటె కిందపడింది.