నీటి నల్లులకు నేను పెట్టిన లేడీస్ హాస్టల్

ఆ రోజుల్లో అంటే ఏ రాజుల కాలమో అనుకునేరు, నిన్నమొన్నటి మాటే. కానీ గచ్చిబౌలిలో రెండేళ్లకోసారి వీధుల రూపే మారిపోతుంది కాబట్టి, ఆరేడేళ్ల కిందటి సంగతి కూడా పాతకాలం కబురులా చెప్పుకోవాల్సి వస్తోంది. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, కాకినాడ నుంచి వచ్చి, కూకట్‌పల్లిలో హాస్టల్ గది నలుగురితో పంచుకుంటూ, కంప్యూటర్‌కి బొమ్మలు గుర్తుపట్టడం నేర్పే ఒక చిన్న గచ్చిబౌలి కంపెనీలో చేరాను. తెర మీద బొమ్మ వస్తుంది, అదేమిటో మేం పేరు పెట్టాలి. అంతవరకూ ఆటోలకీ ట్రాఫిక్ లైట్లకీ పేర్లు పెట్టుకుంటూ హాయిగా ఉన్న మా మీదికి ఒకరోజు నీటి నల్లుల ఫొటోలు వచ్చి పడ్డాయి. (మంచంలో నల్లి కాదండి. ఇవి చెరువుల్లో ఈదే ఆవగింజంత జీవాలు, సాలీడుకి చుట్టాలు.) జువాలజీ చదివింది నేనొక్కదాన్నే కనుక నన్ను నిపుణురాలిని చేసేశారు. నా చదువు మొత్తంలో వీటికి దక్కింది అర పేజీ, అదీ పరీక్షకు రాదని వదిలేశాను. ఆ మాట చెబితే, ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగం అక్కడికక్కడే ఊడుతుందని నా భయం.

మా టీమ్ లీడ్‌ది హఫీజ్‌పేట్. ఏం జరిగినా "ఫికర్ చెయ్యకు" అనేవాడు కాబట్టి ఫికర్ అన్న అని పిలిచేవాళ్లం. ఈ నల్లులన్నీ అరెన్యూరిడే అనే ఒకే కుటుంబానివనీ, అందులో రకాలు విడదీయమనీ ఆ ఫొటోలు పంపినవాళ్లు మాకు చెప్పారు.

"ఏంది డాక్టరమ్మా, దీనికి తోకుంది, దీనికి లేదు. ఏం జేద్దాం?" అన్నాడు అన్న.

"వేరువేరు రకాలండి," అన్నాను, గొంతు సవరించుకుని.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. ముగ్గురు ఒకే పేరు పెడితే అదే సత్యం. ఆ ముగ్గురూ నా మొహం చూసేవారు, నేను తోచింది చెప్పేదాన్ని, వాళ్లు అదే పెట్టేవారు. అలా పొడుగు తోక, పొట్టి తోక, చీలిన తోక ఒక్కోదానికి ఒక్కో ఫోల్డరు ఇచ్చి, తోకలేని గుండ్రటివన్నీ ఒకే ఫోల్డర్లో కుక్కాం. రెండు నల్లులు అతుక్కుని ఉన్న ఫొటోలు సరిగ్గా రాలేదని చెప్పి చెత్తలో వేయించాను.

రెండు వారాలయ్యాక, ఒక సోమవారం నాడు ఆ ఫొటోలు పంపిన సైంటిస్టు మేడమ్ మా పని చూడటానికి వీడియోలోకి వచ్చారు. కాసేపటికి ఆవిడకి నవ్వాగలేదు.

"తోకలున్నవి మగవమ్మా. జాతికో తీరు తోక. గుండ్రటివి వాటి ఆడవి. నువ్వు మొగుళ్లకి తలా ఒక ఇల్లిచ్చి, పెళ్లాలందర్నీ ఒకే లేడీస్ హాస్టల్లో పడేశావు!"

ఆఫీసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వబోయాను గానీ, అంతలోనే ఆవిడ ఇంకో ప్రశ్న వేశారు.

"ఏ ఆడది ఏ జాతిదో మాకే తెలియదు. జంటగా అతుక్కున్న ఫొటోలుంటేనే తెలుస్తుంది. బోలెడు పంపానే, ఏవీ?"

చెత్త ఫోల్డరు ప్రతి శుక్రవారం ఖాళీ చెయ్యడం ఫికర్ అన్న పని. కాకినాడ బస్సు నా కళ్ల ముందు తిరిగింది. అన్న మైకు ఆపి, నా చెవి దగ్గర గొణిగాడు.

"జర పరేషాన్ గాకు. బద్ధకమై మొన్న శుక్రవారం చెయ్యలే. దాని ముందటిది గూడ చెయ్యలే."

మళ్లీ మైకు పెట్టి, "మేడమ్, అవి ఖాస్‌గా వేరే పెట్టి ఉంచినం," అన్నాడు, పెదవి కూడా కదపనంత గంభీరంగా. అంత జాగ్రత్త తీసుకున్న నిపుణురాలినని మేడమ్ నన్ను మా పైవాళ్ల దగ్గర తెగ మెచ్చుకున్నారట. నెల తిరక్కుండా నా ఉద్యోగం పర్మినెంటయింది. (అన్నకి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించి సరిపెట్టాను.)

ఆ వారమంతా చెత్తలోంచి జంటల్ని ఏరి, వాటిని చూసి గుండ్రటమ్మల్ని ఎవరింటికి వాళ్లని పంపాను. అయినా ఎవరి తాలూకో తేలనివి చాలా మిగిలిపోయాయి, తలచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. ఇప్పుడు కొత్త పిల్లలు నా దగ్గర పని నేర్చుకుంటున్నారు. వాళ్లేదైనా అడిగితే, "నాకు తెలియదమ్మా, కనుక్కుందాం," అని హాయిగా అనేస్తాను. పాపం, ఆనాటి కాకినాడ పిల్లకి ఆ చిన్న మాట నోటికి రావాలంటే, ముందు ఉద్యోగం పర్మినెంటు కావలసి వచ్చింది.