బావమరిది చెవుల్లోని దూది

పోయిన నెల నరసరావుపేటలో చెవుల డాక్టరమ్మ ముందు కూర్చున్నప్పుడు, డెబ్బై ఏళ్ళుగా మోస్తున్న ఈ చెవుల గురించి నాకేమీ తెలియదని అర్థమైంది. పెళ్ళిళ్ళలో పక్కవాడి మాట అందడం లేదని, ఒంటరిగా ఉంటే లోపల ఏదో కూస్తోందని వెళ్ళాను. చెవి నుంచి మెదడుకు నరాలు వెళతాయని మనమంతా బడిలో చదువుకున్నదే. మెదడు నుంచి లోపలి చెవికి కూడా కొన్ని నరాలు దిగివస్తాయట. లోపలి చెవిలో కంటికి ఆనని సన్నని కణాలు శబ్దాన్ని పెంచుతుంటాయని, మోత మితిమీరితే మెదడు ఆ నరాల వెంట తిరుగు కబురు పంపుతుందని, ఇక చాలు, తగ్గించు అంటుందని ఆమె ఓపికగా చెప్పింది. గోలలో ఒక మనిషి మాటను వేరుచేసి వినడానికీ అదే సాయపడుతుందట. కానీ ఆ కాపలాకూ హద్దుంది. ఏళ్ళ తరబడి అదే మోత మోగితే ఆ కణాలు చచ్చిపోతాయి, మళ్ళీ పుట్టవు. అప్పుడు పైనుంచి ఎన్ని కబుర్లొచ్చినా అందుకునే దిక్కుండదు. ఏం పని చేసేవారని అడిగితే బండల మిషను దగ్గర మేస్త్రీనన్నాను. తలూపి రాసుకుంది. ఎవరెవరి చెవులు పోగొట్టారని అడగలేదు.

అడగాల్సింది.

మాచర్ల రోడ్డు మీద నాపరాళ్ళు కోసే రేకుల షెడ్డులో నా పని. నాలుగు రంపాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుంటే పైన రేకులు కూడా వాటితో కలిసి అరిచేవి. బండలో పగులుంటే కంటికన్నా ముందు చెవికే తెలిసేది. రంపం గొంతు సన్నబడేది, ఆ క్షణంలో వెనక్కి లాగకపోతే బండ రెండు ముక్కలయ్యేది. అందుకే చెవుల్లో దూది పెట్టుకునేవాడు పనివాడే కాడని మా నమ్మకం. సాయంత్రానికి చెవులు దిబ్బడ వేసేవి, తెల్లారేసరికి విడిచేవి, ఇంకేముంది, అలవాటు పడ్డాయనుకునేవాళ్ళం. తేరుకున్నట్టు కనిపించే చెవి రోజూ కొంచెం కొంచెంగా చస్తోందని ఎవరికీ తట్టలేదు. ఎవరికీ అని తప్పించుకోకూడదు. ఒకడికి తట్టింది.

వాడు నా భార్య తమ్ముడు. పనిలో పెట్టించింది నేనే. ఒకరోజు వాడు రెండు చెవుల్లో దూది కుక్కుకుని రంపం దగ్గర నిలబడ్డాడు, అదే పూట పెద్ద బండ ఒకటి పగిలింది. యజమాని వచ్చే వేళ. నేను రంపాలన్నీ ఆపించి, దూది వల్లే బండ పోయిందంటూ అందరినీ చుట్టూ పిలిచాను.

"మోత తలకెక్కతంది బావా, ఇంటికి పోయినా ఆగట్లా," అన్నాడు వాడు.

నేనే ఆ దూది పీకి బురదనీళ్ళలోకి విసిరాను. "ఏందిరా, పెళ్ళికూతురివా చెవులు దాచుకోటానికి? పోయి మీ అక్క కాడ కూచోని బియ్యం ఏరుకో పో!" అన్నాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు, మళ్ళీ దూది పెట్టనూ లేదు. ఇంతకాలం ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ బండలో పగులు నేను పొద్దున్నే చూశాను. చూసి కూడా, పోతే పోతుందిలెమ్మని రంపం ఎక్కించమన్నది నేనే.

నలభై ఏళ్ళకే వాడికి వినికిడి పోయింది. శుభకార్యాల్లో నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు. పొగరుబోతని నేను ఊరంతా చెప్పుకున్నాను, నా భార్య ఏడుస్తున్నా మానలేదు.

డాక్టరమ్మ దగ్గర నుంచి నేరుగా మాచర్ల బస్సెక్కాను. వాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అరుగు ముందే నిలబడి, తప్పు నాదేరా అని మెల్లగా అన్నాను. చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏందీ?" అన్నాడు. గొంతు పెంచాను. మళ్ళీ "ఏందీ?" అన్నాడు. మూడోసారి గొంతు చించుకుని, ఆ పగులు నేను ముందే చూశానని, తప్పు నాదని అరిచాను. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి చూశారు. ఎదురు కొట్టు వాళ్ళు బయటికొచ్చారు.

అప్పుడు వాడు చెయ్యి దించి, నింపాదిగా అన్నాడు. "మొదటిసారే అర్థమైంది బావా. పదిమందిలో తిట్టినోడివి, పదిమందిలో ఒప్పుకుంటావో లేదో చూద్దామని."

రంపాల మోత మధ్య బతికినవాళ్ళందరికీ పెదవుల కదలిక చూసి మాట పట్టడం వచ్చు, నాతో సహా. ఆ సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగకుండా వాడు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఇప్పటి షెడ్లలో కుర్రాళ్ళు చెవులకు మూతలు పెట్టుకునే కోస్తున్నారు. బండలు అప్పటికన్నా ఎక్కువేమీ పగలడం లేదు. ఆనాటి మేస్త్రీలమంతా ఎక్కడ కలిసినా మన కాలం మనుషులు ఎంత గట్టివాళ్ళో అని చెప్పుకుంటుంటాం. నేనూ చెప్పాను, చానాసార్లు. మా కాలంలో పెద్దవాడు తప్పు ఒప్పుకోవడమన్నదే లేదు. ఇన్నాళ్ళకు ఒప్పుకుందామని వెళితే, అవతలివాడికి దాంతో పనిలేకుండా పోయింది.