తీగ చుట్టిన డబ్బా

నక్సలైట్ల కోసం పోలీసులు బస్సులు ఆపి వెతికే రోజులవి. కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్ళే బస్సులో నాకు సీటు దొరికింది. నిలబడ్డ ఒక పెద్దాయన తన రేకు డబ్బా నా ఒళ్ళో పెట్టి, రద్దీలో వెనక్కి జరిగిపోయాడు. కూర్చున్నవాళ్ళు నిలబడ్డవాళ్ళ సామాను పట్టుకోవడం మా దగ్గర మామూలే.

మామిడితోట పక్కన బస్సును ఆపారు. డబ్బాకు చుట్టిన తీగ చూడగానే బాంబనుకుని పోలీసు తుపాకి ఎత్తాడు.

“ఎవరిదే ఇది?”

“నాది కాదు సార్” అని వెనక్కి తిరిగాను. ఆ గుంపులో పెద్దాయన కనిపించలేదు. ఆయన నోరు మెదపకపోతే నా గతేమిటి?

“నాదే సారూ, గా పిల్లకేం ఎరుకలేదు” అంటూ ఆయనే జనాన్ని తోసుకుని వచ్చాడు. “మామిడికాయలకు పురుగు పడుతున్నది. గిండ్ల దంచిన తులసాకున్నది. గా వాసనకు పురుగు పెట్టే పండీగలు అచ్చి పడ్తయి. తీగ చెట్టుకు కట్టెతందుకు.”

ఆయన చేతనే డబ్బాను తోట గట్టున పెట్టించి, మూత తీయించారు. మమ్మల్నందరినీ బస్సు దింపి దూరంగా నిలబెట్టారు. కాసేపటికి ఒక ఈగ వాలింది. చూస్తుండగానే డబ్బా అంచంతా ఈగలు ముసిరాయి.

పోలీసు తుపాకి దించి, “మా ఇంటికాడి చెట్టుకు గూడ పెట్టచ్చా?” అని అడిగాడు. బస్సంతా నవ్వింది.

మళ్ళీ బస్సెక్కాక పెద్దాయన డబ్బా నాకివ్వలేదు. నేనే చేతులు చాపాను.

“భయం గాదా బిడ్డా?”

వెంట వచ్చిన రెండు ఈగలు నా ఒళ్ళోని డబ్బా చుట్టూ తిరిగాయి. జగిత్యాలలో దిగేదాకా వాటిని తోలలేదు.