మావయ్య పళ్ళ గుర్తులు

మనిషిని ఆపడం, మనిషిని కాపాడడం ఒకటేనా? కొన్నేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. క్లాసులో పాఠం మధ్యలో మాట ఆగినప్పుడు, నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు కనబడినప్పుడు వచ్చి ఎదురుగా నిలబడుతుంది. జవాబు తెలిసిన ఒక్క మనిషీ పోయిన నెల వెళ్ళిపోయాడు. పొద్దున్నే అత్తయ్య ఫోన్ చేసి, "మీ మావయ్య పిలిస్తే పలకట్లేదే" అంది. నేను జగ్గయ్యపేట చేరేసరికి గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. ఏనాటికైనా నీళ్ళలో పోతాడని మేమంతా భయపడ్డ మనిషి మంచం మీద, ఫ్యాన్ కింద పోయాడు. ఏడుస్తూనే లోపల ఎక్కడో అమ్మయ్య అనుకున్నా. అలా అనుకున్నందుకు నా మీద నాకు ఇంకా రోతగానే ఉంది.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. నేవీలో డైవరుగా చేసి రిటైరయ్యాక సొంతూరు వచ్చేశాడు. వస్తూ ఒక డైవింగ్ సెట్టు తెచ్చుకున్నాడు. వీపుకి కట్టుకునే గాలి సిలిండరు, నల్ల రబ్బరు సూటు, మాస్కు, ఆయన 'బాతుకాళ్ళు' అనే ఫిన్సు, సిలిండర్లోంచి గాలిని నోటికి అందించే రెగ్యులేటరు. ముక్త్యాల వైపు ఎత్తిపోతల పైపు మూతికి నాచు పట్టినా, ఎవరి బావిలోనైనా మోటారు జారిపోయినా ఆయన్ని పిలిచేవాళ్ళు. వేదాద్రి దగ్గర కృష్ణలోనో, మునేరులోనో మనిషి మునిగిపోతే పోలీస్ స్టేషన్ నుంచి కబురొచ్చేది.

శవాలని ముట్టుకున్న సామాను తన గడప తొక్కడానికి వీల్లేదంది అత్తయ్య. దాంతో అది నందిగామలో మా పెరటి వరండాకి చేరింది. "నా తమ్ముడి వస్తువులు నాకు మైలేమిటి?" అంది అమ్మ. అంటూనే తులసికోటకి ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా గోడకి మేకు కొట్టించింది.

సెలవురోజు వచ్చాడంటే పాత చీర పరిచి సామానంతా దాని మీద పేర్చేవాడు. సూటుకి మోకాలి దగ్గర చిరుగు పడితే సైకిల్ ట్యూబు ముక్క, పంక్చర్ సొల్యూషన్. జిప్పుకి కొవ్వొత్తి. మాస్కు పట్టీ తెగితే స్కూటర్ ట్యూబు కత్తిరించి వేసేవాడు. "చలిని ఆపేదాన్ని అతుక్కోవచ్చు అమ్మాయ్. గాలి ఇచ్చేదాన్ని మాత్రం అతక్కూడదు, మార్చాలి." రెగ్యులేటర్ లోపలి రబ్బర్ల కిట్టు ఏడాదికోసారి నా చేత ఆన్‌లైన్లో తెప్పించేవాడు. బాగానే ఉందిగా ఎందుకు మార్చడం అంటే, "చెడ్డాక మార్చడానికి ఇవేమన్నా చెప్పులా?" అనేవాడు.

ఆ రెగ్యులేటర్ని పరీక్షించడం నాకు నేర్పాడు. సిలిండర్ నుంచి విప్పి, గొట్టం చివర మూత బిగించి, నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్కని నాకిచ్చాడు. దాని మీద ఆయన పళ్ళు దిగిన గుర్తులున్నాయి.

"పీల్చు. గాలొచ్చిందా?"

"రాలేదు."

"అయితే బాగుంది."

"గాలి రాకపోతే బాగుండడమేంటి మావయ్యా?"

"మూత బిగించాక కూడా గాలొచ్చిందంటే ఎక్కడో కన్నం ఉన్నట్టే. పైన గాలి దూరిన కన్నంలోంచి కింద నీళ్ళు దూరతాయి."

వంటింట్లోంచి అమ్మ చూసింది. "ఛీ, ఎంగిలిరా. పిల్ల నోట్లో పెడతావేంట్రా?"

"పిల్లేంటే, లెక్చరరు. అయినా నీళ్ళ కింద ఎంగిలుండదక్కా. పక్కవాడి సిలిండరు అయిపోతే మన నోట్లోది తీసి వాడి నోట్లో పెట్టాల్సిందే."

"తర్వాత నోరు కడుక్కోండి ఇద్దరూ."

"చుట్టూ కృష్ణంత నీళ్ళు, ఇంకేం కడుక్కోవాలే?"

అరవై దాటాక ఒకసారి ముక్త్యాల దగ్గర దిగి పైకొచ్చేసరికి ముక్కులోంచి రక్తం. చెవిలో హోరు. గట్టు ఎక్కలేక కాసేపు నీళ్ళల్లోనే కూర్చున్నాడట. నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఏడు కిట్టు గడువు వచ్చినప్పుడు, "నేను తెప్పించను" అన్నా.

"తెప్పించకపోతే?"

"దిగవు. అదే కదా నాక్కావాల్సింది."

రెగ్యులేటర్ని చేతిలో అటూ ఇటూ తిప్పి మేకుకి తగిలించాడు. "నీ ఇష్టం అమ్మాయ్" అన్నాడు. వాదిస్తాడని బోలెడు మాటలు సిద్ధం చేసుకున్నా. ఒక్కటీ అవసరం పడలేదు. వైజాగ్‌లో ఆయన నేవీ స్నేహితులు ఇంకా ఉన్నారు. ఒక్క ఫోన్ కొడితే పంపేవాళ్ళు. కొట్టలేదు.

వర్షాలు తగ్గాక కీసర నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన కూతురు మునేరులో బట్టలు జాడిస్తూ జారిపోయింది. ఈతగాళ్ళు ముందురోజంతా వెతికారు, లోతు గుంటలో ఉండొచ్చన్నారు. సామాను మా ఇంట్లో ఉంటుందని ఎవరో చెప్తే ఇటొచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"బతికుంటదని కాదమ్మా," అన్నాడు. "మొహం మొహంలా ఉండగా వాళ్ళమ్మకి చూపించాలండి. అంతే."

నేనే మావయ్యకి ఫోన్ చేశా. బస్సు దిగి నేరుగా వరండాలోకి వెళ్ళాడు. రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, పీల్చాడు. నా వైపు చూడలేదు. కీసర ఆయనతోనే చెప్పాడు.

"గాలి దూరుతోందండి. ఇది దిగదు."

ఆ తండ్రి వెనక్కి తిరిగాడు. చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళాక, మావయ్య కూడా వెనకే నడిచాడు. ఇద్దరూ కీసర వెళ్ళారు. మర్నాడు ఆ పిల్ల తనంతట తనే తేలేదాకా గట్టు మీద ఆ తండ్రి పక్కనే కూర్చున్నాడు మావయ్య. మొహం ఎలా ఉందో నేనడగలేదు. ఆయన చెప్పలేదు. అటు నుంచి మా ఇంటికే వచ్చి, సామానంతా దించి, అలవాటు ప్రకారం మంచినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టాడు. అసలు తడవనే లేదు అది.

ఆ సాయంత్రమే కిట్టు ఆర్డరు పెట్టా. వచ్చాక ఆయన చేతికిచ్చా. అటూ ఇటూ చూసి, "ఉండనీ" అని కిటికీలో పెట్టాడు. విప్పలేదు. ఆ తర్వాత కూడా వచ్చేవాడు. కడిగేవాడు, సూటు మడతలకి పౌడరు రాసేవాడు, అమ్మతో గొడవపడి కాఫీ తాగి వెళ్ళేవాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే ఎంత తేలిగ్గా ఉండేదో.

పెద్దకర్మ అయ్యాక అత్తయ్య నన్ను పక్కకి పిలిచింది. "మంచం, బట్టలు ఇచ్చేశామే. మీ ఇంట్లో ఉన్న ఆ రబ్బరు సామాను కూడా ఎవరికన్నా ఇచ్చెయ్యి. ఆయన ఊపిరి ఉన్న వస్తువులు, ఊరికే వేలాడకూడదు." అన్నేళ్ళూ గడప తొక్కనివ్వని మనిషి ఆ మాటంది.

ఇచ్చేముందు పనికొస్తుందో లేదో చూడాలి కదా. ఇవాళ మధ్యాహ్నం మేకు నుంచి రెగ్యులేటర్ దించి దుమ్ము కడిగా. మూత బిగించా. రబ్బరు ముక్క నోట్లో పెట్టుకుంటే ఆయన పళ్ళ గుంటలు నా పళ్ళకి కుదరలేదు. పీల్చా.

గాలి రాలేదు. మళ్ళీ గట్టిగా పీల్చా. నాలుక రబ్బరుకి అతుక్కుపోయింది కానీ గాలి రాలేదు. ఇన్నేళ్ళు వేలాడాక కూడా అది బాగానే ఉంది.

కదలకుండా ఉన్న రబ్బరు అంటుకుపోయి కూడా అలా అనిపించొచ్చేమో. నాకు తెలీదు. కన్నం ఉందని ఆయన ఆ రోజు నిజమే చెప్పాడా? నా మాట నిలబెట్టడానికి కీసర నుంచి వచ్చిన తండ్రి ముందు అబద్ధమాడాడా? లేక ఆయనకీ భయమేసి, ఆ భయం మోయడానికి నా మాట దొరికిందా? నేను ఆయన్ని కాపాడానో, ఆయనకి మిగిలిన ఒక్క పనినీ లాక్కున్నానో, ఆ తల్లికి కూతురి మొహం దక్కకుండా చేశానో తేల్చుకోలేకపోతున్నా. కిట్టు కిటికీలో అలాగే ఉంది. రెగ్యులేటర్ని ఎవరికీ ఇవ్వలేదు. మళ్ళీ మేకుకే తగిలించా. రబ్బరు మీద ఆయన పళ్ళ గుర్తుల్లో నేను కడిగిన నీళ్ళు ఇంకా ఆరలేదు.