మూడోసారి అడగని పిల్ల

మా ఊళ్ళో ఎవరైనా కాఫీ తాగుతారా అని అడిగితే వద్దనాలి. మళ్ళీ అడిగితే, అబ్బే, మీకెందుకు శ్రమ అనాలి. మూడోసారి అడిగినప్పుడు, సరే, ఎటూ కాచి ఉంటే ఒక్క గుక్క అనాలి. ఆ తరువాత మూడు కప్పులు తాగినా ఎవరూ ఏమీ అనుకోరు. మొదటిసారే ఔనన్నవాణ్ణి మాత్రం పదేళ్ళు గుర్తుపెట్టుకుంటాం. ఉత్తర మిన్నెసోటాలో ఏడాదికి ఆరు నెలలు మంచులో బతికేవాళ్ళం, ఇంతకన్నా తొందర మాకు చేతకాదు.

ఈ మర్యాదలో మా అందరినీ మించినవాడు ఓరిన్ ట్వైట్. కాగితం మిల్లులో నాతోపాటు ముప్ఫై నాలుగేళ్ళు యంత్రాలు బాగుచేశాడు. ఒకసారి చేతి తొడుగు రోలర్ల మధ్య ఇరుక్కుని వేళ్ళు నలుగుతుంటే, "వెండెల్, నీకు తీరిక ఉంటే ఆ మీట కాస్త ఆపుతావా?" అని అడిగాడు. వేళ్ళు దక్కాయి. దానికి నాకు థాంక్స్ చెప్పడానికి ఆ వారంలో నాలుగుసార్లు మా ఇంటికొచ్చాడు, ప్రతిసారీ కాఫీ వద్దన్నాడు.

మర్యాద తరువాత అతనికి మెండుగా ఉన్నది భయం. చలికాలంలో మేమంతా గడ్డకట్టిన చెరువు మీదికి గుడిసెలు లాక్కెళ్ళి, మంచుకు కన్నం పెట్టి, లోపల పొయ్యి పక్కన కూచుని చేపలు పడతాం. మార్చి మధ్యకల్లా గుడిసెలు ఒడ్డుకు చేర్చాలి. ఓరిన్ మాత్రం ఫిబ్రవరి మొదట్లోనే, మంచు ఇంకా మూడడుగుల మందం ఉండగానే, తన గుడిసె లాగేస్తాడు. పెర్చ్ చేపలు ఎగబడి గాలానికి తగిలేది ఆ తరువాతే. మేం బకెట్లు నింపుకుంటుంటే ఒడ్డున నిలబడి చూసి, "నాకేం ఫర్లేదు" అంటాడు. మొహం చూస్తే బాధ తెలుస్తూనే ఉంటుంది.

ఇలాంటి మనిషి రిటైర్మెంట్ సొమ్మంతా షేర్లలో ఉంది. మిల్లువాళ్ళు నెలనెలా జీతంలోంచి పట్టి అందులో వేశారు. రెండువేల ఎనిమిది చివర్లో మార్కెట్ కూలడం మొదలైనప్పుడు అతనికి అరవై నాలుగేళ్ళు. భార్య ఆర్డిస్ ఇరవై ఆరేళ్ళుగా బడి వంటశాలలో వండుతోంది. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. వచ్చే జూన్‌లో ఆమె పని మానేయాలని ఇద్దరూ ఎప్పుడో అనుకున్నారు. ఆ సొమ్ము సగమైతే ఆమె మానడానికి లేదు. ఓరిన్‌కి నిద్ర పట్టనిది అందుకే.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నా గుడిసెలోకి వచ్చి కూచున్నాడు. తనది అప్పటికే ఒడ్డున ఉంది.

"అంతా తీసేసి నగదులోకి మార్చేద్దామనుకుంటున్నాన్రా" అన్నాడు.

"ఇప్పుడా? పడాల్సిందంతా పడ్డాకా? ఊరుకోరా బాబూ, అదే మళ్ళీ లేస్తుంది."

"మంచు కూడా ప్రతి ఏడూ మళ్ళీ గడ్డకడుతుంది. కిందికి పోయిన బండి మాత్రం పైకి రాదు."

నాకు ఒళ్ళు మండింది. తొంభై ఆరులో మంచు విరిగి చెరువులోకి పోయిన బండి నాదే.

"ఆర్డిస్ ఏమంటుంది?" అన్నాను.

"నీ ఇష్టం అంది."

"ఎన్నిసార్లంది?"

"ఒక్కసారే."

"అయితే ఆమెకి ఇష్టం లేదన్నమాట."

"అది నాకూ తెలుసులేరా" అని నా బకెట్‌లోకి తొంగిచూసి, "బాగానే పడ్డాయే" అంటూ లేచాడు.

మార్చి మొదటి వారంలో, ఆర్డిస్ బడికి వెళ్ళిన వేళ, తోడుండమని నన్ను పిలిచి సొమ్ము చూసే కంపెనీకి ఫోన్ చేశాడు. మిల్లు మోతకి మా ఇద్దరి చెవులూ పోయాయి కనక స్పీకరు పెట్టాడు. అవతల ఒక చిన్నపిల్ల. మాట తీరు మా వైపుది కాదు.

"మొత్తం నగదులోకి మార్చమంటారా సార్?"

"నీకు పెద్ద శ్రమ కాకపోతేనేనమ్మా."

"శ్రమేం లేదు సార్. కానీ ఇప్పుడు అమ్మితే ఈ నష్టం ఇక ఖాయమైపోయినట్టే. నిజంగా మార్చమంటారా?"

"అబ్బే, అంత పట్టుదలేం లేదు. ఉంచినా ఫర్లేదు. నీకెలా వీలైతే అలా కానివ్వు."

"సరే సార్. ఇంకేమైనా కావాలా?"

"ఏం వద్దమ్మా, చాలా సాయం చేశావు. మీ వైపు చలి ఎలా ఉంది?"

చలి సంగతి పావుగంట మాట్లాడి ఫోన్ పెట్టేసి, "అమ్మయ్య, పనైపోయింది" అన్నాడు. నేనూ అయిపోయిందనే అనుకున్నాను. రెండుసార్లు మొహమాటపడ్డాడంటే కావాలనేగా అర్థం! ఆ 'సరే'ను మూడోసారి అడగడం కింద జమకట్టుకున్నాం. మా ఇద్దరి వయసూ కలిపితే నూట పాతిక దాటుతుంది. ఆ పిల్ల మాటని మాటగానే తీసుకునే దేశం నుంచి వచ్చిందని మాలో ఒక్కడికీ తట్టలేదు.

ఆ సాయంత్రం ఫోన్ సంగతంతా ఆర్డిస్‌కి చెప్పి, ఆ రోజు నుంచీ ఓరిన్ హాయిగా నిద్రపోయాడు. రంగు తేలాడు. హోటల్లో మేం మార్కెట్ గురించి ఏడుస్తుంటే జాలిగా చూసి, మూడోసారి అడిగించుకోకుండానే మా కాఫీలకి తనే డబ్బులిచ్చాడు. కంపెనీ నుంచి కవర్లొస్తే విప్పేది ఆర్డిస్. అతను ఆ సంగతే మరిచిపోయాడు.

జూన్ వచ్చింది. "ఇంకో ఏడాది చేస్తాను, వంటశాలలో మనుషుల్లేరు" అంది ఆర్డిస్. మానెయ్యమని ఓరిన్ రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. నగదులోకి మార్చేలోపే చాలా పోయిందని అతని లెక్క. నేనూ అక్కడే ఉన్నాను. నేనూ నోరు మెదపలేదు, దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ తరువాత మార్కెట్ లేవడం మొదలైంది, నెల తరువాత నెల. ఓరిన్ మళ్ళీ ఒడ్డున నిలబడ్డ మనిషైపోయాడు. పేపర్ చూడ్డం మానేశాడు. మరుసటి ఏప్రిల్‌లో వాళ్ళింటికి వెళితే ఆర్డిస్ ఖర్జూరం బిళ్ళలు కాల్చి పెట్టింది. తిన్నాను. వెళ్ళొస్తానని లేచాను కానీ, మా ఊళ్ళో ఆ మాటన్నాక గుమ్మం దాటడానికి అరగంట పడుతుంది. ఒక కాలు బూటులో, ఒక కాలు బయట ఉండగా ఓరిన్ ఉన్నట్టుండి అన్నాడు:

"నేను పిరికివాణ్ణి ఆర్డిస్. ఆ ఫోన్ చెయ్యకపోయుంటే నువ్వీపాటికి ఇంట్లో కూచునుండేదానివి. నీ మోకాళ్ళు నేనే తిన్నాను."

పెళ్ళయిన నలభై ఏళ్ళలో అతను ఇంత పొడుగ్గా మాట్లాడింది అదే మొదలు. నేను బూటు లేసు ముడేస్తూ, విప్పుతూ, మళ్ళీ ముడేస్తూ ఉండిపోయాను.

ఆర్డిస్ లేచి, పిండి డబ్బా మూత తీసి, కవర్లు కొన్ని బల్ల మీద పెట్టింది. పిండి దులిపి ఒక్కొక్కటీ పరిచింది.

"సొమ్ము ఎక్కడికీ పోలేదు. షేర్లలోనే ఉంది. ఆ పిల్ల నువ్వు వద్దన్నావనుకుంది" అంది. "ఇదిగో, పోయినేడు మొదటిది, చూస్తే కళ్ళు తిరిగాయి. ఇది మొన్నటిది. ముక్కాలు మూడొంతులు కాదు, ఇంచుమించు మొత్తం తిరిగొచ్చింది."

ఓరిన్ మొదటి కవరు చేతిలోకి తీసుకుని తేదీ చూశాడు.

"ఇది వచ్చినప్పుడే నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఆరు నెలలు నిద్రలేకుండా గడిపాక, అప్పుడే నువ్వు నిద్రపోవడం మొదలుపెట్టావు ఓరిన్. లేపబుద్ధి కాలేదు. చెప్తే మళ్ళీ ఫోన్ చేసి, ఈసారి ఖాయంగా అమ్మేసేవాడివి. ఒకవేళ ఇంకా పడితే నా జీతమైనా ఉంటుందని పన్లో ఉండిపోయా."

వంటశాలలో మనుషుల్లేకపోవడం అబద్ధమని అప్పుడు తెలిసింది నాకు. ఆ ఏడాదంతా తపాలా పెట్టె దగ్గర మంచులో నిలబడి కవరు చింపుకుని చదివి, మడిచి, పిండిలో దాచి, ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చి అతనికి భోజనం వడ్డించిన మనిషి ఆమె. మేం మగవాళ్ళం హోటల్లో ధైర్యం గురించి చాలా చెప్పుకున్నాం.

ఓరిన్ కవర్లన్నీ ఒకదాని మీద ఒకటి సర్ది పక్కన పెట్టాడు.

"జూన్‌లో పని మానెయ్యి ఆర్డిస్."

"అబ్బే, ఇంకో ఏడాది చెయ్యగలను. అలవాటైపోయిందిలే."

"మానెయ్యి."

"ఎందుకులే ఓరిన్, నాకేం కష్టంగా లేదు."

పోయిన జూన్‌లో ఆగింది సరిగ్గా ఇక్కడే. నేను నేల వైపు చూస్తూ, అడగరా, ఈసారైనా అడుగు అని లోపల్లోపల పోరుపెట్టాను. ఓరిన్ కుర్చీ ఆమె పక్కకి జరుపుకుని, ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు.

"మానెయ్యి ఆర్డిస్" అన్నాడు మూడోసారి.

"సరే" అంది ఆమె. "నీకు పెద్ద ఇబ్బంది కాకపోతే."