మచ్చ లేని మణికట్టు

పిడకల బూడిద వాసన ఈ పట్నంలో ఎక్కడుంటుంది చెప్పండి! మొన్న గిన్నెలు తోమడానికి మా కోడలు ఎక్కడినుంచో గుప్పెడు బూడిద తెచ్చి పొట్లం విప్పింది, అంతే, నా ఎడమ బొటనవేలు దానంతటదే చూపుడువేలి మీద వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది. "అత్తమ్మా, వేలికేమైంది?" అని బెదిరిపోయింది పిచ్చిపిల్ల. ఏమీ కాలేదు, గద్వాల గుర్తొచ్చింది.

నిజాం రాజ్యం చివరి రోజులవి, నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా వీధి చివర పొడుగాటి రేకుల కొట్టంలో మగ్గాల కార్ఖానా ఉండేది, అందులో ఒకరు కండెలు చుడితే ఒకరు గంజి పెట్టేవారు, మా నాయినలాంటి మగవాళ్లు గుంటల్లో కాళ్లు దించుకుని చీరలు నేసేవారు, ఈ చివరినుంచి ఆ చివరికి ఒకరి చేతిపని ఇంకొకరి చేతికి అందుతూ పోయేది. మా అమ్మ నర్సమ్మది అతుకు పని. గద్వాల చీరకు ఒళ్లు నూలు, కొంగు పట్టు కదా, ఆ నూలు పోగు కొసనూ ఈ పట్టు పోగు కొసనూ కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని, బొటనవేలితో ఒక్క దొర్లింపు దొర్లిస్తే పురి పడి రెండూ ఒకటవుతాయి. ముడి కనపడకూడదు, లాగితే ఊడకూడదు. ఒక్కో చీరకు అలాంటివి వేల పోగులు. పొద్దున జొన్నరొట్టె, పల్లీల పచ్చడి తిని కూర్చుంటే పొద్దు వాలేదాకా ఆ ఒక్క వేలే, ఆ ఒక్క దొర్లింపే.

మా నాయనమ్మ కుడి మణికట్టు మీద గుండ్రంగా మూడు నల్లమచ్చలుండేవి. అవి పచ్చబొట్లనుకుని నాకూ కావాలని ఏడ్చానట, చూడండి నా తెలివి! అవి చురకలు. అతుకు పని చేసిన ప్రతి ఆడమనిషికీ కొన్నేళ్లకు మణికట్టు వాచేది, గుడ్డతో బిగించి కట్టుకుని అలాగే పని చేసేవారు, ఇక చెంబు కూడా ఎత్తలేని నాడు నొప్పి లాగేస్తుందని పసుపుకొమ్ము కాల్చి చురక పెట్టేవారు. అదేదో మర్యాద అన్నట్టు ఎవరూ మారు మాట్లాడేవారు కాదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక, చేలగట్ల మీద తంగేడు విరగబూసి, గునుగు తెల్లగా తలలూపుతూ, మేం ఆడపిల్లలం బతుకమ్మకు పూలకోసం కాళ్లు కొట్టుకుపోయేలా తిరుగుతున్న రోజుల్లో అమ్మ కుడి మణికట్టు వాచింది. సరిగ్గా అప్పుడే ఎవరిదో పెద్దింటి పెళ్లిచీర అతుకు పనికి వచ్చింది. కార్ఖానా సావుకారు వచ్చి అమ్మ చెయ్యి చూశాడు.

"నర్సమ్మా, సద్దుల బతుకమ్మ దాక చూస్త. గప్పటికి కొంగు అతుకకుంటే నీ జాగల ఇంకొకరిని కూసబెడ్త."

ఆ జాగా అంటే అమ్మకు ప్రాణం. ఆమె అతుకును వేలితో తడిమి కూడా ఎవరూ పట్టలేరని వాడంతా చెప్పుకునేవారు. మర్నాడు పొద్దున్నే నాయనమ్మ పసుపుకొమ్ము నిప్పుల్లో పెట్టింది. "చెయ్యి ఇటు తే. నీకొక్కదానికే వచ్చిందా నొప్పి?" అంది. నేను భయంతో అరుగు మీద గచ్చకాయలు పట్టుకుని, ఆడుతున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. మా ఆటకో పద్ధతుండేది, కుడిచేత్తో ఒక ఆట గెలిస్తే రెండోది ఎడమచేత్తో ఆడితీరాలి. నేను చెయ్యి మార్చడం అమ్మ చూసింది.

"జర ఆగు అత్తా," అంది. చెయ్యి వెనక్కి తీసుకుని, వాకిట్లోంచి తిన్నగా కార్ఖానాకు నడిచింది, నేనూ వెనకే పరిగెత్తాను. పసుపుకొమ్ము నిప్పుల్లోనే మాడిపోయింది.

ఆ రోజు ఎడమచేత్తో వేసిన అతుకులన్నీ సాయంత్రానికి ఊడిపోయాయి. "ఇదేందే, మంచిగనే తిప్పుతున్న గద!" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత ఆమె రెండు చేతులూ ఎదురెదురుగా పెట్టుకుని చాలాసేపు వేళ్లు దొర్లించి చూసుకుంది. కుడి బొటనవేలు ముందుకు పోతే పురి ఎక్కుతోంది, ఎడమది ముందుకు పోతే అదే పురి వీడిపోతోంది. అయితే ఎడమది వెనక్కి దొర్లాలి! ఒక పోగు అతికి లాగింది. ఊడలేదు. ఇంకా గట్టిగా లాగింది. ఊడలేదు. "వారేవా!" అని పక్కపీట మీదున్న చాంద్‌బీ చప్పట్లు కొట్టింది.

చాంద్‌బీ పీర్ల పండుగకు మా అందరికీ షర్బత్ పోసే మనిషి, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఆమె ఒక గోనెసంచి చుట్టచుట్టి అమ్మ మోచేతి కింద పెట్టింది. "చెయ్యి గాలిల ఏలాడుతుంటే మణికట్టు మీదనే గద బరువు? గిట్ల ఆనించు." కుడిచేతి వాపు కాస్త తీశాక ఒక వరస కుడిచేత్తో, ఒక వరస ఎడమచేత్తో, మధ్యలో రెండు చేతులూ దులుపుకుని వేళ్లు చాచుకోవడం. సావుకారు మండిపడ్డాడు.

"ఏందిది? పని జేస్తున్నరా, ఆటలాడుతున్నరా?"

"రెండూ, సావుకారీ. పండుగ రానియ్యుండ్రి," అంది అమ్మ తల ఎత్తకుండా.

బతుకమ్మ ఆఖరి రోజైన సద్దులకు ఇంకా రెండు రోజులున్నాయనగా కొంగు అతుకు పూర్తయింది. సావుకారు అతుకు దగ్గర రెండు చేతులా పట్టుకుని లాగాడు, కొట్టమంతా మగ్గాల చప్పుడాగిపోయింది. ఒక్క పోగు తెగలేదు, ఒక్కటి ఊడలేదు! ఏది కుడిచేతి అతుకో ఏది ఎడమచేతి అతుకో చెప్పమని చాంద్‌బీ అడిగితే ఆయన కళ్లద్దాలు సర్దుకుని, వెతికి వెతికి, చివరికి పోగులు వదిలేశాడు. నాయిన గుంటలోంచే ఈల వేశాడు, సిగ్గులేని మనిషి. మర్నాటికి అతుకు పీటలన్నిటి దగ్గరా గోనెచుట్టలు వచ్చాయి. సద్దుల నాడు అమ్మ మా వాడలోకెల్లా పెద్ద బతుకమ్మను రెండు చేతులా ఎత్తుకుని నడిచింది, పక్కన నేను నడిచిన నడక చూడాలి మీరు, ఊరు నాదే అన్నట్టు నడిచాను.

ఆ కొట్టం ఇప్పుడు లేదు, అక్కడ సిమెంటు దుకాణాలు లేచాయి. గచ్చకాయలాట మా మనవరాళ్లకు తెలియదు. అమ్మ, చాంద్‌బీ, అందరూ వెళ్లిపోయారు. నాయనమ్మ తన చివరి రోజుల్లో అమ్మ కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, మచ్చలేని ఆ మణికట్టును నిమిరి, "నాకు చురక పెట్టంగ గప్పుడెవ్వరు ఆపలేదే," అంది. అమ్మ తర్వాత ఆ పీట మీద పదమూడేళ్లు కూర్చున్నది నేనే. కోడలికి నా రెండు చేతులూ తిప్పి మణికట్లు చూపించాను.